ముళ్లపొద నుంచి ఊయల దాకా

నల్లగొండ నుంచి దేవరకొండకు పోయే దారిలో నేల తన పేదరికాన్ని దాచుకోదు. రెండువైపులా ఎర్ర చెల్కలు, నడుమ నడుమ గుండ్రాళ్ల గుట్టలు, పత్తి ఏరడం ముగిసిన చేలల్లో ఎండిన కట్టె, గట్ల మీద సీతాఫలపు పొదలు, సర్కారు తుమ్మలు. కొండమల్లేపల్లి దాటి దేవరకొండ చేరేసరికి పద్మనాయక రాజుల నాటి కోటగోడలు గుట్టల మీద కనిపిస్తాయి. అక్కడి నుంచి చందంపేట వైపు మళ్లితే ఊళ్లు పలచబడి లంబాడా తండాలు మొదలవుతాయి. ఇంకా ముందుకు సాగితే నాగార్జునసాగర్ వెనుకజలాలు. నీళ్లు కంటికి నిండుగా కనిపిస్తాయి గాని చాలా చేలకు ఎక్కవు. దీనికి పడమరగా పాలమూరు సీమ, అంటే వలస కూలీల జిల్లాగా దేశమంతటా పేరుపడ్డ మహబూబ్‌నగర్. 2016 అక్టోబరులో పాత జిల్లాలు రెండూ విడిపోయి కొత్త పేర్లు వచ్చాయి. మెట్ట బతుకుల పోలిక మాత్రం మారలేదు.

మదరసాకు షాబాన్ సెలవులు ఇచ్చిన వారంలో మేము ఈ దారిన బయలుదేరాము. కోటలు చూడటానికి గాని, జలాశయాలు చూడటానికి గాని కాదు. ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న మమ్మల్ని ఇటు నడిపించింది.

పాఠంలో పుట్టిన ప్రశ్న

హనఫీ ధర్మశాస్త్రంలో మా పిల్లలు చదివే ప్రసిద్ధ గ్రంథం 'ఖుదూరీ'. అందులో 'లఖీత్' అనే చిన్న అధ్యాయం ఒకటుంది. తల్లిదండ్రులెవరో తెలియకుండా, ఎక్కడో విడిచిపెట్టగా దొరికిన పసిబిడ్డను లఖీత్ అంటారు. పోయిన వస్తువు దొరికితే ఏం చేయాలో చెప్పే అధ్యాయం దాని తరువాత వస్తుంది. ముందు మనిషి, ఆ పైన వస్తువు.

ఆ అధ్యాయం చెప్పే సంగతులు క్లుప్తమైనవి, స్పష్టమైనవి. అలాంటి బిడ్డ స్వతంత్రుడు. ఎవరికీ బానిస కాడు. బిడ్డను ఎత్తుకోవడం పుణ్యకార్యం. ఎత్తుకోకపోతే ప్రాణం పోతుందని తోచినప్పుడు అది విధి అవుతుంది. చూసి కూడా దాటిపోయినవాడు పాపాత్ముడవుతాడు. పోషణ ఖర్చు ప్రజా ధనాగారం, అంటే బైతుల్ మాల్ భరించాలి. ఎవరైనా ముందుకు వచ్చి 'ఈ బిడ్డ నా సంతానం' అంటే, సాక్ష్యాల కోసం పట్టుబట్టకుండా ఆ మాటను అంగీకరించవచ్చు. బిడ్డకు ఒక వంశం దక్కడమే మేలని ధర్మవేత్తలు భావించారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఒక వ్యక్తి తనకు దొరికిన శిశువును తీసుకువస్తే, ఆయన మంచివాడని విచారించి తెలుసుకున్న తరువాత, బిడ్డను ఆయన చేతిలోనే ఉంచి, ఖర్చును ప్రభుత్వం మీద వేసుకున్నారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి.

ఈ పాఠం ముగిసిన రోజు ఒక విద్యార్థి లేచి నిలబడ్డాడు. "హజ్రత్, మన ఊళ్లో బైతుల్ మాల్ లేదు కదా. రేపు తెల్లవారుజామున నమాజుకు పోయే దారిలో నాకు అలాంటి బిడ్డ కనిపిస్తే ఎవరి దగ్గరికి తీసుకుపోవాలి?"

పిల్లవాడు అడిగింది పుస్తకంలోని విషయం కాదు, బజారులోని విషయం. పత్రికల జిల్లా పేజీల్లో ముళ్లపొదల్లో శిశువు, బస్టాండు బల్ల మీద శిశువు, కాలువ గట్టున శిశువు అనే వార్తలు మనందరమూ చదువుతున్నవే. వాటిలో చాలాసార్లు ఆ శిశువు ఆడపిల్లే. ప్రాణంతో దొరికితే ఒక వార్త, ప్రాణం పోయాక దొరికితే ఇంకొక వార్త. ఆ బిడ్డను అక్కడ విడిచిన చేతికి మరొక దారి ఉండిందా? ఉంటే ఎందుకు తెలియలేదు? ఈ రెండు ప్రశ్నలే మా ప్రయాణపు సరంజామా.

తండాలో విన్న మాట

దేవరకొండలో ఒక మసీదుకు ఇమాముగా ఉన్న మా పూర్వ విద్యార్థి మాకు తోడు వచ్చాడు. చందంపేట దారిలోని ఒక తండాకు తీసుకుపోయాడు. వేపచెట్టు కింద మంచం వాల్చి మమ్మల్ని కూర్చోబెట్టారు. డెబ్బై దాటిన ఒక లంబాడా తల్లి ఎదురుగా నేల మీద కూర్చుంది. మంచం మీదికి రమ్మని ఎంత పిలిచినా రాలేదు. పెద్దామె నేల మీద ఉండగా మంచం మీద ఉండటం మాకు పొసగక మేమూ దిగి కూర్చున్నాము.

ఈ ప్రాంతానికి ఒక చేదు చరిత్ర ఉంది. 1999లోనూ, మళ్లీ 2001లోనూ హైదరాబాదులోని కొన్ని దత్తత సంస్థల మీద అధికారులు దాడులు చేసినప్పుడు, వాటిలో ఉన్న పసిపిల్లలలో అనేకులు దేవరకొండ, చందంపేట వంటి ప్రాంతాల తండాల నుంచి వచ్చిన ఆడశిశువులని బయటపడింది. నడుమ దళారులు ఉండేవారు. ప్రసవించిన తల్లి చేతిలో వందలో, రెండు మూడు వేలో పెట్టి బిడ్డను తీసుకుపోయేవారు. తల్లి ఇష్టపూర్వకంగా వదులుకున్నట్టు కాగితాలు పుట్టించేవారు. ఆ బిడ్డ విదేశానికి చేరేసరికి ఆ వందలు లక్షలయ్యేవి. బయటపడ్డ పిల్లలను ప్రభుత్వం హైదరాబాదులోని శిశువిహార్‌కు తరలించింది. 2001లోనే అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేదరికం, సంతానం ఎక్కువగా ఉండటం, ఆడపిల్ల కావడం వంటి కారణాలు చూపి కన్నవారు బిడ్డను వదులుకోవడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. పిల్లల సంతను మూయడానికి ఆ ఉత్తర్వు అవసరమైంది. అయితే సంత మూతపడినంత మాత్రాన తల్లి ఇంట్లో పొయ్యి వెలగదు.

"యాడీ, ఆ రోజులు మీకు గుర్తున్నాయా?" అని ఇమాము అడిగాడు. లంబాడా భాషలో యాడీ అంటే అమ్మ.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత నెమ్మదిగా చెప్పింది. "సాబూ, మా అమ్మ కాలంల పిల్లగాని తరఫోళ్లే ఓలి ఇచ్చి పిల్లను చేసుకుంటుండిరి. ఆడిపిల్ల పుడితె ఇంటికి బర్కత్ అనుకుంటుంటిమి. ఎన్కసిరి కట్నం వచ్చింది. బంగారమన్నరు, బండన్నరు, లచ్చలన్నరు. ఒకామెకు ముగ్గురు ఆడిపిల్లలైతె నాలుగో కాన్పుకు ఇంట్ల ఎవరూ మాట్లాడరు. ఆ తల్లి ఎటు పోవాలె?"

"పొదల్లో వేసేవారిని ఏమనాలి యాడీ?" అని మేము అడిగాము.

"బిడ్డను పొదల్ల ఎయ్యాలని ఏ తల్లికుంటది సాబూ? ఎవరి చేతుల పెట్టాలె, ఎవర్ని అడగాలె అని తెల్వనోళ్లే ఏస్తరు."

దవాఖానలో ఊయల ఉంటుందని విన్నారా అని అడిగితే ఆమె తల ఊపింది. "ఇన్న. దాంట్ల ఏస్తె పోలీసులు పట్టుకపోరా?"

మేము ఆ రోజు విన్న మాటలన్నిటిలో ఇదే ముఖ్యమైనది. ఊయల ఉంది. భయమూ ఉంది. ఆ భయాన్ని ఎవరూ వచ్చి తీసివేయలేదు.

ఒక్క సంగతి ఇక్కడే చెప్పాలి. ఇది లంబాడాల దోషమని అనుకుంటే పెద్ద అన్యాయం. ఓలి స్థానంలో కట్నం వచ్చి ఆ తండాలను కూల్చినట్టే, మహర్ ఇచ్చి పెండ్లాడమని చెప్పిన ధర్మాన్ని పక్కకు నెట్టి 'జోడేకీ రఖమ్' మన ఇళ్లను కూల్చింది. ఆడపిల్ల పుట్టిందని విని ముఖం నల్లబడే తండ్రిని దివ్యఖుర్ఆన్ ఎంత కఠినంగా మందలించిందో మనకు తెలుసు. సజీవంగా పాతిపెట్టబడిన పసిపిల్లను 'ఏ నేరానికి నిన్ను చంపారు' అని ప్రళయదినాన అడుగుతారని కూడా తెలుసు. తెలిసిన మన వీధుల్లోనూ మూడో ఆడపిల్లకు మిఠాయి పంచేవారు అరుదే.

ఆసుపత్రి వరండాలో

మరునాడు డిండి మీదుగా కల్వకుర్తి, జడ్చర్ల వైపు సాగాము. దారిలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి వద్ద ఆగాము. ప్రసూతి విభాగానికి పోయే వరండా మూలన ఇనుప ఊయల ఒకటి ఉంది. తెల్లని బట్ట పరిచి ఉంది. గోడ మీద నాలుగు వరుసల రాత: బిడ్డను పారవేయవద్దు, ఇక్కడ పడుకోబెట్టండి, వివరాలు ఎవరూ అడగరు అని దాని సారాంశం. అక్షరాలు సగం వెలిసిపోయాయి. చదువు రాని తల్లికి అవి కొత్తగా ఉన్నప్పుడూ ఉపయోగపడి ఉండవు.

అక్కడి ఆయమ్మ వయసులో పెద్దది. "ఇంత నడుమ పెడితే ఎవరొస్తరు సారూ? పగలంతా మంది. రాత్రి వాచ్‌మన్ కూసుంటడు" అన్నది. ఆమె చెప్పినదానిలో పెద్ద నీతి ఉంది. మరుగు కోరి వచ్చేవారి కోసం పెట్టిన ఊయల మరుగులో ఉండాలి. దారి నుంచి నేరుగా చేరేటట్టు, అడిగేవారెవరూ లేకుండా, బిడ్డను ఉంచి వెళ్లిన కొద్ది నిమిషాలకు లోపల గంట మోగేటట్టు ఉండాలి.

ఊయల ఆలోచన మనకు కొత్తది కాదు. తమిళనాడు ప్రభుత్వం ఆడశిశువుల హత్యలు ఎక్కువగా ఉన్న సేలం జిల్లాలో 1992లో ఊయల పథకాన్ని ప్రారంభించింది. కేరళలో 2002లో తిరువనంతపురంలో 'అమ్మత్తొట్టిల్' వచ్చింది. కరాచీలో అబ్దుస్సత్తార్ ఈధీ, ఆయన సతీమణి బిల్కీస్ తమ కేంద్రాల ముందు ఊయలలు వేలాడదీసి, బిడ్డను చంపవద్దు, మాకు ఇవ్వండి అని ప్రజలను వేడుకున్నారు. అక్రమ సంతానాన్ని ప్రోత్సహిస్తున్నారని నిందించినవారు లేకపోలేదు. పుట్టిన బిడ్డ ఏ పాపమూ చేయలేదన్న నమ్మకంతో ఆ దంపతులు జీవితాంతం ఆ పని కొనసాగించారు.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 1999లో ఒక చట్టం చేసింది. నిర్ణీత వయసులోపు శిశువును ఆసుపత్రిలోనో, అగ్నిమాపక కేంద్రంలోనో క్షేమంగా అప్పగించే తల్లిని శిక్ష నుంచి కాపాడే చట్టమది. 2008 నాటికి ఆ దేశంలోని అన్ని రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టాలు వచ్చాయి. టెక్సాస్ చట్టానికి జనం పెట్టుకున్న పేరు 'బేబీ మోజెస్ చట్టం', అంటే పసివాడైన హజ్రత్ మూసా (అలై) పేరు. ఆ పేరు పెట్టినవారు ఎంతవరకు ఆలోచించారో గాని, మూసా (అలై) తల్లి గాథలో ఒక సూక్ష్మం ఉంది. ఆమె బిడ్డను పారవేయలేదు. ప్రాణం దక్కాలని దైవప్రేరణతో పెట్టెలో ఉంచి నదికి అప్పగించింది. ఆ పెట్టె ఎటు పోతుందో చూడమని కూతురిని గట్టు వెంట పంపింది. చివరకు ఆ బిడ్డ తిరిగి తల్లి రొమ్మునే చేరాడు. అప్పగించడానికీ పారవేయడానికీ మధ్య ఉన్న తేడా అంతా గట్టు వెంట నడిచిన ఆ సోదరిలో ఉంది.

చట్టం తెరిచి ఉంచిన తలుపు

పాలమూరు పట్టణంలో మేము కలుసుకున్న ఒక వకీలు సాబ్ లోగడ బాలల సంక్షేమ సమితిలో సభ్యులుగా పనిచేశారు. మా ప్రశ్నలన్నీ విని, అలమారులోంచి చట్టం పుస్తకం తీసి, "మౌలానా సాబ్, మన దేశంలో అమెరికా లాంటి ప్రత్యేక చట్టం లేదు. కాని అంతకంటె మంచి తలుపు ఒకటి ఉంది. ఆ తలుపు ఉన్నట్టు జనానికి తెలియదు" అన్నారు.

ఆయన చెప్పినది పాఠకులకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాము. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టంలోని 35వ సెక్షన్ ప్రకారం, తమ అదుపులో లేని శారీరక, మానసిక, సామాజిక కారణాల వల్ల బిడ్డను పెంచలేని తల్లిదండ్రులు జిల్లాలోని బాలల సంక్షేమ సమితి ముందుకు వచ్చి బిడ్డను అప్పగించవచ్చు. సమితి వారితో మాట్లాడుతుంది, ధైర్యం చెబుతుంది, పెంచుకునే మార్గమేదైనా ఉందేమో చూస్తుంది. మార్గం లేదని తేలితే అప్పగింత పత్రం రాయిస్తుంది. ఆ తరువాత కూడా ఆలోచించుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. ఆ లోపల మనసు మారితే బిడ్డను వెనక్కి కోరవచ్చు. అంతవరకు బిడ్డ శిశుగృహలో ఉంటుంది. నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ ప్రభుత్వ శిశుగృహలు ఉన్నాయి. పెండ్లికాని తల్లి కూడా ఈ విధంగా బిడ్డను అప్పగించవచ్చు.

"మరి పోలీసుల భయం?" అని తండాలోని తల్లి ప్రశ్నను మేము ఆయన ముందు ఉంచాము.

"పన్నెండేళ్లలోపు బిడ్డను అనాథగా విడిచిపెట్టి పోవడం నేరమే. భారతీయ న్యాయ సంహిత 93వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. కాని సమితి ముందు అప్పగించడం నేరం కాదు. అది చట్టం చూపిన దారి. అంతే కాదు, తమ చేతుల్లో లేని పరిస్థితుల వల్ల కన్నవారు బిడ్డను వదిలినట్టయితే అది ఉద్దేశపూర్వకం కాదని భావించాలని, ఆ సెక్షన్ కింది శిక్ష వారికి వర్తించదని జువైనల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ చెబుతున్నది. నేరమల్లా అమ్మడం, కొనడం. బిడ్డను అమ్మినా, కొన్నా అయిదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి సిబ్బంది ఆ పని చేస్తే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు."

తరువాత ఆయన ఒక దినపత్రికను మా ముందు పరిచారు. లోపలి పేజీలో పసిబిడ్డ ఫోటోతో ఒక ప్రకటన ఉంది. ఫలానా తేదీన ఫలానా చోట దొరికిన శిశువు, సంబంధీకులు గడువులోగా సంప్రదించాలి అని. "చూశారా? పొదలో దొరికినా, ఊయలలో దొరికినా బిడ్డ కన్నవారెవరో వెదకాలి కాబట్టి ఇలా ఫోటో వేస్తారు. సమితి ముందు అప్పగించిన బిడ్డ విషయంలో ఇలాంటి ప్రకటన ఉండదు. తల్లి పేరు దస్త్రంలో గోప్యంగా ఉంటుంది. ఎవరికీ తెలియకూడదని రాత్రివేళ పొద దగ్గరికి పోయిన తల్లి బిడ్డ పేపరుకెక్కుతుంది. పగలే ఆఫీసుకు వచ్చిన తల్లి గుట్టు బయటికి పొక్కదు."

మేము కొంతసేపు ఆ ఫోటోనే చూస్తూ ఉండిపోయాము. పరువు కోసం ఎన్నుకున్న దారి పరువును కాపాడదు, ప్రాణాన్నీ కాపాడదు. భయపడి దూరంగా ఉన్న దారే రెండిటినీ కాపాడుతుంది. ఈ ఒక్క సంగతి ఆ తండాలోని యాడీకి, మన వీధిలోని చెల్లెలికి తెలిసి ఉంటే ఎన్ని ఊపిరులు నిలిచేవో!

పిల్లలమర్రి నీడలో వంశం మాట

పాలమూరు వచ్చి పిల్లలమర్రిని చూడకుండా వెళ్లేవారు అరుదు. పట్టణానికి కొద్ది దూరంలో, సుమారు మూడెకరాల మేర పరుచుకున్న మర్రి. వయసు ఏడువందల ఏళ్లని చెబుతారు. చెట్టు చెంత ఒక ముస్లిం మహనీయుని సమాధి ఉన్నందున పీర్లమర్రి అని కూడా అంటారు. ఊడలు నేలకు దిగి మానులై, ఆ మానుల నుంచి మళ్లీ ఊడలు దిగి, ఇప్పుడు తల్లిమాను ఏదో పోల్చుకోవడం కష్టం. 2018లో చెదలు పట్టి కొమ్మలు కూలుతుంటే, మనుషులకు ఎక్కించినట్టు సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడుకున్నారు.

చెట్టుకు తల్లిమాను తెలియకపోయినా ఇబ్బంది లేదు. మనిషికి ఉంది. మన ధర్మం వంశానికి ఇచ్చిన విలువ గొప్పది. పెంచుకున్న బిడ్డను కన్నతండ్రి పేరుతోనే పిలవమని, తండ్రులెవరో తెలియకపోతే ధర్మంలో మీ సోదరులుగా భావించమని దివ్యఖుర్ఆన్ అహ్‌జాబ్ సూరాలో ఆదేశించింది. తండ్రి తెలియని బిడ్డకు దొరికిన హోదా అనాథ అని కాదు, సోదరుడు అని. ఇంతకంటె గౌరవమైన హోదా ఏ చట్టం ఇవ్వగలదు?

అందువల్ల పేరు లేని ఊయల ప్రాణాన్ని కాపాడుతుంది గాని, పెద్దయ్యాక 'నేనెవరిని?' అని అడిగే బిడ్డకు జవాబు చెప్పలేదు. ఈ చిక్కును ఇతర దేశాలూ ఎదుర్కొన్నాయి. జర్మనీలో ఊయలలు పెట్టిన కొన్నేళ్ల తరువాత, 2014 మే నుంచి కొత్త పద్ధతి తెచ్చారు. తల్లి మారుపేరుతో ఆసుపత్రిలో క్షేమంగా ప్రసవించవచ్చు. ఆమె అసలు పేరు ముద్రవేసిన కవరులో భద్రంగా ఉంటుంది. బిడ్డకు పదహారేళ్లు నిండాక అది తెలుసుకునే హక్కు వస్తుంది. మన సమితి ముందు రాసే అప్పగింత పత్రం కూడా ఇంచుమించు అలాంటి మేలే చేస్తుంది. తల్లి గుట్టు దక్కుతుంది, వంశం తాలూకు ఆనవాలు దస్త్రంలో మిగులుతుంది.

కాబట్టి వీటిలో ఒక వరుస ఉంది. ముళ్లపొద కంటె ఊయల వేయిరెట్లు మేలు. ఊయల కంటె సమితి గడప మేలు. సమితి గడప కంటె మేలైనది, ఆ తల్లి అక్కడిదాకా పోనవసరం లేకుండా ఎవరో ఒకరు ఆమె పక్కన నిలబడటం.

అలా నిలబడినవారు మన చరిత్రలో ఉన్నారు. ఇస్లాం ప్రకటనకు ముందే మక్కాలో జైద్ బిన్ అమ్ర్ అనే సత్యాన్వేషి ఉండేవారు. కూతురిని పాతిపెట్టబోతున్న తండ్రిని చూస్తే ఆపి, చంపవద్దని, పోషణ తాను భరిస్తానని చెప్పేవారు. పిల్ల ఎదిగాక ఆ తండ్రినే పిలిచి, కావాలంటే తీసుకో, లేకుంటే నా దగ్గరే ఉంచుతాను అనేవారు. ప్రాణం నిలపడం, ఖర్చు మోయడం, తండ్రి తిరిగి వచ్చేందుకు తలుపు తెరిచి ఉంచడం! ఈనాటి చట్టంలోని రెండు నెలల గడువు వెనుక ఉన్న జాలి ఇదే.

హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి పసిబిడ్డ ఏడుపు విని కారణం అడిగితే, పాలు మాన్పించిన పిల్లలకే ప్రభుత్వ భత్యం ఇస్తున్నారు గనుక బిడ్డ చేత ముందుగానే పాలు మాన్పిస్తున్నానని తల్లి చెప్పిందట. ఆయన కంటతడి పెట్టి, పుట్టిన రోజు నుంచే ప్రతి శిశువుకూ భత్యం ఇవ్వాలని మరునాడు చాటింపు వేయించారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. పాలకుడు ఆ తల్లిని నిందించలేదు, తన నియమాన్ని మార్చాడు.

మన వంతు

మా విద్యార్థి ప్రశ్నకు జవాబు ఇప్పుడు మా వద్ద ఉంది. పసిబిడ్డ కనిపిస్తే ముందు ఎత్తుకొని వెచ్చగా కప్పాలి. వెంటనే 1098కు ఫోను చేయాలి. పగలూ రాత్రీ పలికే నంబరు అది, పైసా ఖర్చు లేదు. 24 గంటల్లోగా పోలీసులకో, బాలల సంక్షేమ సమితికో, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికో తెలపడం చట్టరీత్యా విధి. తెలపకపోతే ఆరు నెలల జైలు గాని, పదివేల రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. బిడ్డ ముద్దుగా ఉందని ఇంటికి తీసుకుపోయి దాచుకోవడం, సంతానం లేని బంధువుకు చేరవేయడం, ఆసుపత్రిలో ఎవరికో డబ్బిచ్చి బిడ్డను తెచ్చుకోవడం పుణ్యం కాదు. ఎంత మంచి మనసుతో చేసినా ఆ బిడ్డ వంశాన్ని శాశ్వతంగా చెరిపేసినట్టే అవుతుంది.

సంతానం లేని దంపతులకు తలుపులు మూసుకోలేదు. జువైనల్ జస్టిస్ చట్టం కింద ఏ మతస్థులైనా దత్తత తీసుకోవచ్చునని, అయితే అది ఎవరినీ బలవంతపెట్టదని సుప్రీంకోర్టు 2014 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. షరీఅత్ హద్దుల్లో సంరక్షణ, అంటే కఫాలత్ కోరేవారికి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులయ్యే మార్గం ఉంది. జువైనల్ జస్టిస్ చట్టంలో పోషణ సంరక్షణ ఏర్పాటూ ఉంది. రెండేళ్లలోపు బిడ్డకు ఇల్లాలు పాలిస్తే పాల సంబంధం ఏర్పడి పరదా చిక్కు తొలగుతుంది. వారసత్వంలో భాగం రాకపోయినా, ఆస్తిలో మూడోవంతు వరకు వీలునామా రాయవచ్చు, జీవించి ఉండగా బహుమానంగా ఇవ్వవచ్చు. ఏది ఎలా చేయాలో స్థానిక ఆలిమును, వకీలును కలిసి అడగాలి.

ఇమాములకు, మసీదు కమిటీలకు మా మనవి ఒక్కటే. జుమా ప్రసంగంలో ఆడపిల్ల శుభమని చెబుతున్నాము, మంచిదే. ఆ వెంటనే రెండు నిమిషాలు ఈ మాటలు కూడా చెప్పండి: బిడ్డను పెంచలేని తల్లికి దారి ఉంది, ఆమెను జైలులో వేయరు, ఆమె పేరు బయట పెట్టరు, 1098. ఈ నాలుగు మాటలూ మసీదు నోటీసు బోర్డు మీద తెలుగులోనూ, ఉర్దూలోనూ పెద్ద అక్షరాలతో రాయించండి. చదువు రాని వారికోసం నోటితో చెప్పండి. మహిళల ఇజ్తిమాల్లో మన సోదరీమణులు చెప్పాలి. మగవారికి చేరని మాట వారికి చేరుతుంది. జకాత్, సదఖా నిధిలోంచి ఏటా ఒక్క కాన్పు ఖర్చు, ఒక్క బిడ్డ పాల ఖర్చు భరించగలిగే మహల్లా మన జిల్లాల్లో లేదా? ఆ తల్లి ముస్లిమా, లంబాడీయా, మరెవరా అని అడగకుండా భరించగలగాలి.

తిరుగు ప్రయాణంలో మా పూర్వ విద్యార్థి ఫోను చేశాడు. తండాలోని యాడీకి సెక్షన్ల సంగతి లేకుండా, ఈ నాలుగు మాటలే లంబాడా భాషలో చెప్పించాడట. ఆమె నంబరును గోడ మీద బొగ్గుతో రాయించుకుందట. ఆ తండాలో గోడ మీద ఉన్న నంబరు మన మసీదుల గోడల మీద ఎప్పుడు కనిపిస్తుందో మనం చెప్పాలి.

ఏ పసిప్రాణమూ ముళ్ల మీద పడకుండా, ఏ తల్లీ ఒంటరిగా చీకటిలోకి నడవకుండా చూసే శక్తిని, బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.